తెలియదన్న మాటకు దస్తావేజు అడగాలి

(వెల్గటూరులో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 రాజకీయ పార్టీల విరాళాల గురించి మాట్లాడమని నన్ను కోరారు. కబరస్తాన్ ప్రహరీ, స్కాలర్‌షిప్పు బకాయిలు, షాదీ ముబారక్ దరఖాస్తులు ఉండగా ఈ విషయం మనకెందుకని కొందరికి తోచవచ్చు. అందుకే షాదీ ముబారక్‌తోనే మొదలుపెడతాను.

ఆ పథకం కింద ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చేది 1,00,116 రూపాయలు. ఆ మొత్తం కోసం ఒక తండ్రి ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పెళ్లి వివరాలు అన్నీ సమర్పించాలి. ఏడాది ఆదాయం నిర్ణీత పరిమితి దాటరాదు. రెవెన్యూ సిబ్బంది విచారణ చేయాలి. ప్రజాధనం కనుక ఈ విచారణ తప్పని నేననను. ఉద్యోగ జీవితమంతా బల్లకు అవతలి వైపు కూర్చొని ఇలాంటి కాగితాలు చూసినవాడినే. అయితే ఇదే దేశంలో 2018 నుండి 2024 ఫిబ్రవరి వరకు కోటి రూపాయల బాండును ఒక కంపెనీ ఒక పార్టీకి ఇస్తే, ఇచ్చినవారి పేరు ఓటరుకు చెప్పనవసరం లేదని చట్టమే చెప్పింది. లక్ష తీసుకునేవాడి ఇంటి పొయ్యి దాకా విచారణ జరిగింది. కోట్లు తీసుకునేవాడి గడప దగ్గరే విచారణ ఆగిపోయింది.

ఎన్నికల బాండ్ల పథకానికి 2017 ఆర్థిక చట్టంలో దారి వేశారు. 2018 జనవరి 2న నోటిఫికేషన్ వచ్చింది. స్టేట్ బ్యాంకులో వెయ్యి రూపాయల నుండి కోటి రూపాయల వరకు విలువ గల బాండ్లు కొని పార్టీకి ఇవ్వవచ్చు. పార్టీ వాటిని పదిహేను రోజుల్లో ఖాతాలో జమ చేసుకోవాలి. అంతకుముందు ఏ కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి విరాళం ఇవ్వరాదన్న హద్దు ఉండేది. ఆ హద్దునూ తీసివేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వవచ్చు.

పేరు బయటపడితే అధికారంలో ఉన్నవారు దాతపై కక్ష కడతారని, నల్లధనం కంటే బ్యాంకు ద్వారా రావడం మేలని ఈ పథకాన్ని సమర్థించినవారు చెప్పారు. ఆ భయం పూర్తిగా కల్పితం కాదు. ఊరి స్థాయిలో చందా ఇచ్చే చిన్న వ్యాపారికి కూడా ఆ భయం తెలుసు. కానీ కొన్నవారి పూర్తి వివరాలు బ్యాంకు దగ్గర ఉన్నాయి. ఆ బ్యాంకు ప్రభుత్వ రంగానిది. పైగా 2018లో పాత్రికేయురాలు పూనమ్ అగర్వాల్ బాండ్లను ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తే, అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే సంఖ్య ఒకటి వాటిపై ఉందని తేలింది. అంటే పాలకులు తెలుసుకోదలిస్తే తెలుసుకునే వీలుంది. ఏ వీలూ లేనిది ఓటరుకే.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతి. 2017 మే నెలలోనే ఎన్నికల సంఘం న్యాయ మంత్రిత్వ శాఖకు లేఖ రాసి, ఈ మార్పులు పారదర్శకతను దెబ్బతీస్తాయని అభ్యంతరం తెలిపింది. రిజర్వు బ్యాంకు కూడా ముందే హెచ్చరించింది. 2018 శీతాకాల సమావేశాల్లో రాజ్యసభ సభ్యుడు మహమ్మద్ నదీముల్ హక్, ఎన్నికల సంఘం ఏవైనా అభ్యంతరాలు తెలిపిందా అని ప్రశ్నించారు. ఆర్థిక శాఖ సహాయ మంత్రి పొన్ రాధాకృష్ణన్ అలాంటివేవీ ప్రభుత్వానికి అందలేదన్నట్లు జవాబిచ్చారు. తరువాత విశ్రాంత నౌకాదళ అధికారి లోకేశ్ బత్రా సమాచార హక్కు చట్టం కింద తీసుకున్న పత్రాల్లో ఆ లేఖ బయటపడింది.

ప్రభుత్వ కార్యాలయంలో ఏ లేఖ వచ్చినా ఇన్‌వార్డు రిజిస్టరులో నంబరు పడుతుంది, తేదీ పడుతుంది. ఏ సెక్షనుకు వెళ్లింది, ఎవరు నోటు రాశారు, ఎవరు పొడి సంతకం చేశారు, అన్నీ ఉంటాయి. కాబట్టి ‘మాకు తెలియదు’ అన్నది నోటిమాటగా ముగిసిపోయే జవాబు కాదు, పరిశీలించి తేల్చగలిగిన జవాబు. నాయకుడిని ‘మీకు తెలుసా?’ అని అడిగి ఊరుకోకూడదు. ఆ కాగితం మీ బల్ల మీదికి ఏ తేదీన వచ్చిందని అడగాలి, వచ్చాక మీరేం చేశారని అడగాలి. తెలుసుకోవడం ఎవరి విధిగా ఉందో, వారికి తెలియకపోవడం రక్షణ కాజాలదు.

ఆనాడు ఆ ప్రశ్న అడిగిన సభ్యుడు తృణమూల్ కాంగ్రెస్‌కు చెందినవారు. వెల్లడైన లెక్కల ప్రకారం ఆ పార్టీ బాండ్ల ద్వారా తీసుకున్నది సుమారు 1,609 కోట్లు. ఎవరిచ్చారని ఎన్నికల సంఘానికి చెప్పవలసి వచ్చినప్పుడు, తమ కార్యాలయంలోని పెట్టెలో వేసి వెళ్లారని ఆ పార్టీ రాసింది. జనతాదళ్ (యు) మాట ఇంకా విచిత్రం. 2019 ఏప్రిల్‌లో పాట్నా కార్యాలయంలో ఎవరో ఒక కవరు ఇచ్చి వెళ్లారట, తెరిచి చూస్తే పది కోట్ల విలువైన బాండ్లు ఉన్నాయట. మన మసీదు హుండీలో పదివేల నోట్ల కట్ట కనిపిస్తే కూడా జుమా తరువాత కమిటీవారు నాలుగు మాటలు విచారిస్తారు కదా!

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. పార్టీకి డబ్బు ఎక్కడి నుండి వస్తున్నదో తెలుసుకోవడం ఓటరు హక్కు అన్నది. వివరాలు మార్చి 6 లోగా ఇవ్వమంటే, స్టేట్ బ్యాంకు జూన్ 30 వరకు గడువు అడిగింది. అప్పటికి లోక్‌సభ ఎన్నికలు ముగిసిపోతాయి. మార్చి 11న కోర్టు గడువు నిరాకరించి మరుసటి రోజే ఇవ్వమన్నది. మరుసటి రోజే ఇచ్చారు! దస్త్రం దొరకడం లేదన్న మాట విన్నప్పుడు, అది చాలాసార్లు బల్ల మీదే ఉంటుందని కార్యాలయాల్లో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు.

ఆ లెక్కల్లో మన రాష్ట్రం చిన్నగా లేదు. 2019 ఏప్రిల్ 12 నుండి 2024 జనవరి 24 వరకు బీజేపీ సుమారు 6,060 కోట్లు, బాండ్లను విమర్శించిన కాంగ్రెస్ 1,421 కోట్లు, అప్పుడు మన రాష్ట్రాన్ని పాలిస్తున్న బీఆర్ఎస్ 1,214 కోట్లు నగదుగా మార్చుకున్నాయి. ఒక ప్రాంతీయ పార్టీకి వచ్చిన ఆ 1,214 కోట్లను షాదీ ముబారక్ మొత్తంతో భాగించి చూశాను. లక్షా ఇరవై ఒక్క వేల పెళ్లిళ్లు. అది ప్రభుత్వ ఖజానా సొమ్ము కాదని నాకు తెలుసు. పరిమాణం అర్థం కావడానికే ఈ లెక్క.

హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ 966 కోట్ల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో నిలిచింది. అందులో బీజేపీకి సుమారు 585 కోట్లు, బీఆర్ఎస్‌కు సుమారు 195 కోట్లు అందాయి. ఒకరు కేంద్రంలో పాలకులు, ఇంకొకరు రాష్ట్రంలో. కాళేశ్వరం ఎత్తిపోతల్లో పెద్ద పనులు చేసినదీ ఆ సంస్థే. మనకు దగ్గరలో రామడుగు మండలం లక్ష్మీపూర్ వద్ద ఉన్న గాయత్రి పంపుహౌసు వాటిలో ఒకటి. ఆ ప్రాజెక్టు వ్యయం 1.47 లక్షల కోట్లు దాటవచ్చని కాగ్ లెక్కగట్టింది. బాండు కొనడం అప్పటి చట్టం ప్రకారం నేరం కాదు. విరాళానికీ కాంట్రాక్టుకూ ముడి ఉందని రుజువు లేకుండా నేను అనను, మీరూ అనవద్దు. కానీ టెండరు నాటికి, బిల్లు చెల్లించే నాటికి ఈ విరాళం సంగతి సంతకం చేసినవారికి తెలుసా అని అడగడం నింద వేయడం కాదు. ఎల్లంపల్లి ముంపులో మన మండలంలోని చెగ్యాం వంటి ఊళ్లు ఇళ్లూ పొలాలూ వదులుకున్నాయి. కాళేశ్వరం నీరు ఆ ఎల్లంపల్లి మీదుగానే ముందుకు పోతుంది. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకంటే ఎక్కువగా ఎవరికి ఉంది?

తేదీలు ఎలా మాట్లాడతాయో ఇంకొక ఉదాహరణ. ఢిల్లీ మద్యం కేసులో అరబిందో ఫార్మా డైరెక్టరు శరత్‌చంద్రారెడ్డిని ఈడీ 2022 నవంబరు 10న అరెస్టు చేసింది. నవంబరు 15న ఆ కంపెనీ 5 కోట్ల బాండ్లు కొన్నది. అవి బీజేపీ ఖాతాలో జమ అయ్యాయి. తరువాతి ఏడాది ఆయన బెయిలుకు ఈడీ అభ్యంతరం చెప్పలేదు, ఆయన అప్రూవరు అయ్యారు. అదే కంపెనీ బీఆర్ఎస్‌కు 15 కోట్లు, తెలుగుదేశానికి రెండున్నర కోట్లు కూడా ఇచ్చింది. ఈ తేదీల నుండి నేరం రుజువు కాదు. కానీ వాటిని పక్కపక్కన పెట్టి చూసే అవకాశమే ఓటరుకు లేకుండా ఏళ్ల తరబడి దాచారు.

మన తెలుగువాడే, దళిత నాయకుడు బంగారు లక్ష్మణ్‌ను గుర్తు చేసుకోండి. బీజేపీ అధ్యక్షుడిగా ఉండగా, ఆయుధాల వ్యాపారులమని చెప్పుకొన్న తెహల్కా విలేకరుల నుండి లక్ష రూపాయలు తీసుకుంటూ 2001లో కెమెరాకు చిక్కారు. పార్టీ నిధి అన్న మాట అప్పుడూ వినిపించింది. 2012లో కోర్టు ఆయనకు నాలుగేళ్ల శిక్ష వేసింది. ఆ శిక్ష తప్పని నేననను. లక్ష కెమెరాకు చిక్కింది కనుక ఒకరు జైలుకు వెళ్లారు. వేల కోట్లు చట్టం చాటున వచ్చాయి కనుక అడిగే నాథుడు లేడు.

బుఖారీలో ఒక హదీసు ఉంది. జకాత్ వసూలుకు వెళ్లి వచ్చిన ఒక ఉద్యోగి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చినదని రెండు భాగాలు చూపాడు. దైవప్రవక్త (స) మింబరెక్కి, అతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చేదా అని అందరి ఎదుట ప్రశ్నించారు. పదవి చూసి ఇచ్చింది కానుక కాదన్న విచారణ మనకు కొత్త కాదు. మనం పాటిస్తున్నామా అన్నది వేరే విషయం. వక్ఫ్ ఆస్తికి ముతవల్లీ ఏటా లెక్క చూపాలని చట్టంలో ఉంది. మన కమిటీల రసీదు పుస్తకాలు బయట పెట్టకుండా నాయకులను లెక్క అడిగితే, వాళ్లు మన ముఖం మీదే నవ్వుతారు. ఆ పని ఈ రంజాన్ లోపే మొదలు కావాలి.

బాండ్లపై ప్రత్యేక దర్యాప్తు బృందం కావాలన్న పిటిషన్లను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది; ఎవరికైనా ఫిర్యాదు ఉంటే మామూలు చట్టమార్గాలు ఉన్నాయన్నది. కాబట్టి పని మన మీదికే వచ్చింది. 20,000 రూపాయలకు మించిన విరాళాలపై పార్టీలు ఏటా ఎన్నికల సంఘానికి నివేదిక ఇవ్వాలి. ఇప్పుడు డబ్బు ఎక్కువగా ఎలక్టోరల్ ట్రస్టుల ద్వారా వస్తున్నది, వాటి నివేదికలూ బహిరంగమే. అభ్యర్థి ఆస్తుల ప్రమాణపత్రం కూడా ఎవరైనా చూడవచ్చు. ఓటు అడగడానికి మన గల్లీకి వచ్చినవారిని ఏ పార్టీ అన్న తేడా లేకుండా ఇవి చూపి అడగవచ్చు. మైనారిటీ సంక్షేమ శాఖ ఒకసారి కొప్పుల ఈశ్వర్, ఇంకొకసారి అడ్లూరి లక్ష్మణ్ కుమార్ చేతికి వచ్చింది. ఇద్దరూ మన ధర్మపురి నియోజకవర్గం వారే. జవాబు చెప్పవలసినవారు మనకు మరీ దూరంలో లేరు.

చదువుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ముందుకు వస్తే, ఈ నివేదికల్లో తెలంగాణ కంపెనీలకు సంబంధించిన పేజీలను తెలుగులోకి, ఉర్దూలోకి రాసి పెట్టే పని నేను దగ్గరుండి చూస్తాను. నమాజు తరువాత పేర్లు ఇవ్వండి.