గాయపడిన పిల్లి – గ్రామ పంచాయతీ బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు త్రాగునీరు, వీధిదీపములు, పారిశుద్ధ్యము, పన్నుల వసూలు మొదలగు పెద్ద విషయములను గూర్చి వినియున్నారు. నేను చెప్పబోవునది వానితో పోల్చినచో మిక్కిలి చిన్నది. వీధిలో గాయపడి పడియున్న పిల్లిని మనము ఏమి చేయవలెనన్నదే నా విషయము. కొందరికి నవ్వు రావచ్చును. కాని పిసినారిని గూర్చి చెప్పునప్పుడు మనము “పిల్లికి బిచ్చము పెట్టనివాడు” అందుము. పిల్లికి ఇంత పెట్టుట మనిషితనమునకు కనీసపు కొలత యని మన పెద్దలు తలచిరన్నమాట.

గేదెకు యజమాని కలడు. మేకకు యజమాని కలడు. ఊరపిల్లికి ఎవరును లేరు. అది పది యిండ్లలో తిరుగును, పది యిండ్ల ఎలుకలను పట్టును. మోటారు సైకిలు తగిలియో, కుక్కలు కరచియో అది కూలబడినప్పుడు మాత్రము ఆ పది యిండ్లవారును “మనది కాదు గదా” యందురు. ఎవరిదియు కాని ప్రాణి ఊరందరిదియు నగును. ఊరందరి తరఫున నిలువవలసినది పంచాయతీ.

ఇది కేవలము జాలి మాట కాదు. 1976లో రాజ్యాంగమున చేర్చబడిన 51-ఎ అధికరణము ప్రాణికోటి యెడ దయ కలిగియుండుటను పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొన్నది. అంతకు పూర్వమే, 1952లో రాజ్యసభకు నియమింపబడిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసను నివారించుటకై ఒక బిల్లును ప్రతిపాదించిరి. 1960లో పార్లమెంటు ఆ విషయమున చట్టము చేసినది. ఆ చట్టము ననుసరించి 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడగా ఆమెయే దానికి ప్రథమాధ్యక్షురాలైరి. జంతువును కొట్టి హింసించుటయే గాక, ఆకలిదప్పులతో బాధపడునట్లు తగిన కారణము లేక దానిని విడిచివేయుట కూడ ఆ చట్టము ప్రకారము నేరము. పిల్లిని గోనెసంచిలో కట్టి పొరుగూరి పొలిమేరలో వదలివచ్చు అలవాటు కొన్ని యెడల కలదు. అట్టివారు ఈ సంగతిని గుర్తింపవలెను. 1960లో వ్రాసిన చట్టమున మొదటి తప్పునకు విధించిన జరిమానా మిక్కిలి స్వల్పము. కావున శిక్షాభయము కంటె ఊరి పెద్దల మాటయే ఇచ్చట ఎక్కువ పనిచేయును.

“మనుష్యులకే దిక్కు లేనప్పుడు పిల్లికి వైద్యమా?” అని మీలో కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దానికి నా సమాధానమిది. గాయపడిన పిల్లి వద్దకు మొట్టమొదట పోవునది పెద్దలు కాదు, పిల్లలు. జాలిపడి చేతులు చాచెదరు. బాధలో నున్న పిల్లి ఎంత సాధువైనను కరచును, గీరును. ఇంటిలో తిట్టుదురను భయమున బిడ్డ ఆ గాటును దాచును. కుక్కకాటు వలెనే పిల్లికాటు వలనను రేబీసు వ్యాధి సోకవచ్చును. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము. కాని కాటు పడినంతనే తగిన చర్య గైకొన్నచో దానిని నివారింపవచ్చును. కనుక పిల్లిని కాపాడు ఏర్పాటు బిడ్డను కాపాడు ఏర్పాటు కూడ.

ఒక ఉదాహరణమును తీసికొందము. మీ పంచాయతీ కార్యాలయము వెనుక ఒక పిల్లి నడుము ఈడ్చుకొనుచు కనిపించినదనుకొనుడు. ఏమి చేయవలెను?

మొదట గుంపును దూరముగా పంపుడు, కుక్కలను తరుముడు. పిల్లిని చేతులతో ఎత్తరాదు. చొంగ కార్చుచు, కారణము లేకయే మీదికి దుముకు పిల్లి యైనచో దాని జోలికి పోక పశువైద్యునకు కబురు చేయుడు. మామూలుగా భయపడి ముడుచుకొన్న పిల్లి యైనచో కోళ్లగంపను మెల్లగా దానిపై బోర్లించుడు. గంప క్రిందుగా ఒక పలుచని చెక్కనో రేకునో జరిపినచో పిల్లి కదలకయే దానిపైకి వచ్చును. గంపపై దుప్పటి కప్పుడు. చీకటిగా నున్నచో పిల్లి శాంతించును. నెత్తురు కారుచున్నచో మందమైన గుడ్డతో ఐదు నిమిషములు అదిమి పట్టవలెను. విరిగిన కాలికి వెదురుబద్దలు కట్టబోకుడు. దాని వలన బాధ హెచ్చును.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. పశువుల పుండ్లపై ఫినైలు, కిరసనాయిలు, టర్పెంటైను పోయుట మన పల్లెలలో కలదు. పిల్లికి ఇవి విషము. అది తన ఒంటిని నాకి శుభ్రపరచుకొను జంతువు. పైన పోసినదెల్ల కడుపులోనికి పోవును. ఇట్టి పదార్థములను కొన్నిటిని విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు చాలినంత లేదు. ఆ కారణము చేతనే మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలును, పిల్లి ప్రాణము తీయుటకు. గాయమున మన్ను ఉన్నచో అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి కడుగుట చాలును. పురుగులు పడినచో వానిని తీయుట పశువైద్యుని పని.

తరువాత పశువైద్యశాలకు కొనిపోవలెను. సంచార పశువైద్య సేవకు 1962 నంబరునకు ఫోను చేయవచ్చును. నోరు తెరచి రొప్పుట, చిగుళ్లు తెల్లబారుట, ఒళ్లు చల్లబడుట కనిపించినచో ఆలస్యము కూడదు. బాగుచేయ వీలుకాని గాయమా కాదా యన్నది వైద్యుడు తేల్చవలసిన విషయము. దుడ్డుకర్రతో తేల్చవలసినది కాదు.

నడుము ఎముక విరిగిన పిల్లులు అనేకము శస్త్రచికిత్స లేకయే కోలుకొనును. కాని వానికి కదలని విశ్రాంతి కావలెను. నాలుగు మొదలు ఆరు వారముల వరకు చిన్న తీగవల పంజరములో నుంచవలసియుండును. అందొక మూల ఇసుక తట్ట, ఒక మూల నీటిగిన్నె, పడుకొనుటకు పాత గుడ్డ ఉండవలెను. ఎదిగిన పిల్లులలో చాలవానికి పాలు అరుగక విరేచనములగును. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండ ఉడికించి ముళ్లు తీసిన చేపయో, కోడిమాంసమో, గ్రుడ్డో కొంచెము కొంచెముగా రోజునకు మూడు నాలుగు మారులు పెట్టవలెను. రెండు దినములు ఏమియు తినని పిల్లికి కాలేయము చెడు ప్రమాదము కలదు. ఒక దినమంతయు మూత్రము పోయకున్నచో వెంటనే వైద్యునకు చెప్పవలెను. ఈ రెండింటిని ఒక కాగితముపై ప్రతిదినము గుర్తు పెట్టుటకు బడి చదువు వచ్చిన వారెవరైనను చాలుదురు.

పిల్లి కోలుకొన్న పిదప రెండు పనులు మిగులును. ఒకటి, వైద్యుని సలహాపై రేబీసు టీకా వేయించి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించుట. ఆడుపిల్లి ఐదారు నెలల వయసుననే చూలు కట్టగలదు. సుమారు 65 దినములలో ఈనును. ఏటికి ఒకటి కంటె ఎక్కువ ఈతలు ఈనగలదు. ఈ పని చేయనిచో ఒక పిల్లిని కాపాడి, వీధిలో మరి పది పిల్లలను దిక్కులేనివిగా చేసినట్లగును. రెండవది, దానిని పట్టిన చోటనే తిరిగి విడుచుట. తెలియని చోట విడిచినచో తిండి దొరకక, అచ్చటి పిల్లుల చేత కరవబడి కష్టపడును. మూడు కాళ్లతో పిల్లి చక్కగా బ్రదుకగలదు. కనులు పోయినదానికి, వెనుక కాళ్లు పడిపోయినదానికి మాత్రము ఒక ఇల్లు చూడవలెను.

ఇంత పనిలో ఎవరికైనను కాటు గాని, గోటిగాటు గాని పడినచో ఏమి చేయవలెనో ఊరిలో ప్రతి బిడ్డకును తెలియవలెను. ధారగా పడు నీటితో, సబ్బుతో, 15 నిమిషములు గాయమును కడుగవలెను. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. టీకా ఒక్క మోతాదుతో ముగియదు. వైద్యుడు చెప్పిన తేదీలలో అన్ని మోతాదులును వేయించుకొనవలెను. నెత్తురు కనిపించు గాయమైనచో ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందును కూడ వైద్యుడు ఇచ్చును. కరచిన పిల్లిని చంపరాదు. మూసియుంచి పది దినములు గమనింపవలెను. అయితే ఆ పది దినములు గడచువరకు టీకాను ఆపరాదు.

సభ్యులారా! దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. కార్యాలయమున ఒక కోళ్లగంప, ఒక పలుచని చెక్క, ఒక మందమైన దుప్పటి, ఒక జత తోలు చేతితొడుగులు, ఒక తీగవల పంజరము ఉంచుడు. పశువైద్యశాల నంబరును, ఆరోగ్య కేంద్రము నంబరును గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. పిల్లిని పట్టుటకు ఇద్దరు నేర్పరులను ఎన్నుకొనుడు. వారికి ముందుగానే రేబీసు టీకా వేయించుట మంచిది. బడి పంతులుగారితో మాటలాడి, “గాయపడిన జంతువును ముట్టవద్దు, పెద్దలకు చెప్పు, గాటు పడినచో దాచవద్దు” అను మూడు మాటలను పిల్లలకు నేర్పింపుడు. బిడ్డ చెప్పినప్పుడు తిట్టక మెచ్చుకొనుడని తల్లిదండ్రులకు చెప్పుడు. ఆ మూడవ మాట నిలుచుట తల్లిదండ్రుల ఓర్పు మీదనే యున్నది.

పిల్లి కూలబడిన నాడు వెదకుకొనుట కంటె ముందుగా సిద్ధపడుట సులభము. మీ తరువాతి సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, గంప ఎచ్చట ఉంచవలెనో, ఇద్దరు ఎవరో, ఆ దినముననే తీర్మానింపవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాను.