చూచుటకు నేర్చిన కన్ను
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపై నేను పరీక్షాఫలితములను చదివి వినిపించుట అలవాటు. నేడు మరియొక విషయమును విన్నవించెదను. "అయ్యా, చిత్రలేఖనమునకు ఒక గంట, తోటపనికి ఒక గంట ప్రతి వారము వ్యర్థమగుచున్నవి. వానిని లెక్కలకు ఇచ్చినచో పిల్లలు బాగుపడుదురు గదా" అని మీలో కొందరు నన్ను అడిగితిరి. అడుగుటలో తప్పు లేదు. ఒకప్పుడు నేనును అట్లే తలచి, ఒక సంవత్సరము ఆ రెండు గంటలను తీసివేసితిని.

ఆ తరగతిలో ఒక బాలుడుండెను. లెక్కలలో వెనుకబడినవాడు, ఎవరితోను మాటాడనివాడు. బంతిమడికి నీరు పోయునపుడు మాత్రము తల యెత్తి నవ్వెడివాడు. ఆ గంటలు పోయిన పిమ్మట బడికి వచ్చుట తగ్గించెను. వేసవి నాటికి మానివేసెను. బంతిమడి యెండిపోయెను. లెక్కలలో ఫలితములేమైన పెరిగినవా యని చూచితిని, పెరుగలేదు. మరుసటి యేడు ఆ గంటలను మరల పెట్టితిని గాని, ఆ బాలుడు మరల రాలేదు. ఆ తప్పు నాది.

మనము నివసించు ఊరు ఎట్టిదో ఒకమారు తలచుకొనుడు. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా మన ఊరి నడుమనే యున్నది. 17వ శతాబ్దము చివర మందుగుండు ప్రేలి దాని ముఖభాగము కొంత కూలిపోయినను, మిగిలిన మినారుపై నీలము, తెలుపు, పసుపు వన్నెల పెంకుబిళ్ళలు నేటికిని మెరయుచున్నవి. దాని యెదుటనుండియే బడికి వచ్చు పిల్లలను, అందు ఏ యే రంగులు గలవని ఒకనాడు అడిగితిని. చెప్పగలిగినవారు నలుగురే. కన్నులు అందరికిని గలవు. చూచుట మాత్రము నేర్పవలసిన విద్య.

కోటలోని రంగీన్ మహలున నల్లరాతిలో ముత్యపుచిప్పను పొదిగిరి. మన బిదిరీ పనియు అట్టిదే. జస్తాలో కొలదిగా రాగి కలిపి పోత పోసి, లతలు పూవులు చెక్కి, ఆ గాడులలో వెండిని పొదుగుదురు. పిదప పాత కోటమట్టిని నవాసారముతో కలిపి రుద్దగా, లోహము కాటుకవలె నల్లబడును; వెండి మాత్రము తెల్లగనే నిలుచును. నలుపు తోడు లేనిదే తెలుపునకు ఆ శోభ లేదు. ఈ పనికి 2006లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన వాకిటి మట్టిలోనున్న ఈ గుణమును మన పిల్లలే యెరుగకున్న ఎంత లోపము!

తోటల మాటయు అంతే. ఈ ఎర్రరాతి పీఠభూమిపై నీరు సులభముగా దొరకదు. అయినను పూర్వులు 15వ శతాబ్దముననే నేలలోపల సొరంగము త్రవ్వి, నౌబాదు వద్ద కరేజు ద్వారా నీటిని నడపిరి. అలీ బరీదు సమాధిని నాలుగు వైపుల తెరచి, తోట నడుమ నిలిపిరి. కరవునేలలో పచ్చదనము కోరినవారు నీటి విలువను మొదట నేర్చిరి. మన బడిలో బాలుడు ఒక మొక్కకు చెంబెడు నీరు పోయుచు నేర్చునదియు అదే.

ఇక మన భాష సంగతి. పిల్లవానికి ఒక చీరను చూపి రంగేమని యడిగినచో "గ్రీన్" అని ఊరకుండును. మన తల్లులకు చిలకపచ్చ వేరు, ఆకుపచ్చ వేరు, మావిచిగురు వేరు. నెమలికంఠము, వంగపండు, ఉల్లిపొర రంగు అని ఎన్నెన్నియో పేర్లు గలవు. పేరు తెలియనివాడు భేదమును గూడ గమనింపడు. కన్నడము, ఉర్దూ, మరాఠీ వినిపించు ఈ ఊరిలో ఆ భాషలను గౌరవముతో నేర్వవలసినదే. ఇంట తెలుగున ఈ పేర్లు పలుకనిచో మాత్రము, మన పిల్లలకు మాటతోపాటు చూపును పోవును. ఈ పేర్లు నేర్పుటకు పుస్తకము చాలదు. అమ్మమ్మ పెట్టె తెరచి చీరలు చూపినచో చాలును.

మిమ్ము కోరునవి మూడే. ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని మదరసాకో కోటకో పోయి, తొందరింపక చూడనిండు. ఇంట పగిలిన కుండలోనైనను ఒక మొక్కను వారి వంతుగా నిండు. ఆ రెండు గంటలను తీసివేయుమని నన్ను మరల అడుగకుడు. అడిగినను నేను ఒప్పుకొనను.

బంతిమడి ఈ యేడు బాగుగా పూచినది. ఇండ్లకు పోవుటకు ముందు ఒకసారి చూచి పొండు. దానికి నీరు పోసినవారు మీ పిల్లలే.