కాగితము మీది యజమాని

పని చెప్పువాడొకడు, పనివానికి జవాబుదారిగా ఉండువాడొకడు. మన పల్లెలలో ఈ ఇద్దరును సాధారణముగా ఒక్కరే. రైతు ఒక మనిషిని సాలు జీతమునకు కుదుర్చుకొనును. పని చెప్పునది ఆయనే, జీతమిచ్చునది ఆయనే. ఎద్దు పొడిచినను పాము కరచినను ఆసుపత్రికి తీసికొనిపోవలసినదియు ఆయనే. మాట తప్పినచో నలుగురిలో నిలబెట్టి అడుగుటకు ఊరిలో రచ్చబండ ఉన్నది. కాని పని సముద్రమునకు ఆవల ఉండి, పనిచేయు మనిషి ఈవల ఉన్నప్పుడు, నడుమ మూడవవాడొకడు వచ్చి నిలుచును. అతడు ఒకచోట మేస్త్రీ, ఒకచోట ఏజెంటు, ఇంకొకచోట పెద్ద కంపెనీ. ఒక్కొక్కప్పుడు చట్టము దృష్టిలో అసలు యజమాని అతడే అగును. ఈ మూడవవానిని గురించి, కడప కర్నూలు సీమల కుటుంబములు తెలిసికొనవలసిన విషయములను ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ఈ ఏర్పాటు నిన్న నేడు పుట్టినది కాదు. ఆంగ్ల సామ్రాజ్యములో బానిసత్వము రద్దయిన పిమ్మట, 1834 మొదలుకొని మారిషస్ దీవికి, 1860 మొదలుకొని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, భారతీయ కూలీలను ఒప్పందపత్రముల మీద పంపిరి. 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరిన మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసునుండి బయలుదేరినదే. అట్లు నేటాలు చేరిన వారిలో తెలుగువారును ఉండిరి. పత్రముపై వేలిముద్ర ఇక్కడ వేసిరి. ఏ తోటలో, ఏ దొర క్రింద పనిచేయవలెనో ఓడ దిగిన తరువాతగాని వారికి తెలియలేదు.

బర్మాకు పోయిన మన కూలీలది మరియొక పద్ధతి. అచ్చట మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టి, ఓడ ఖర్చు తానే భరించి, రంగూనుకు తోడుకొని పోయెడివాడు. కూలి డబ్బు మేస్త్రీ చేతిమీదుగానే వచ్చెడిది. అతడు తన బాకీ తగ్గించుకొని మిగిలినది కూలీకి ఇచ్చెడివాడు. మిల్లువానిని అడిగినచో మేస్త్రీని అడుగుమనును. మేస్త్రీని అడిగినచో బాకీ పద్దు చూపును. మలయా తోటలలో కంగాణీ అనువాడును ఇట్టివాడే. ఈ వలసలను అదుపులో ఉంచుటకు 1922లో ఒక చట్టము వచ్చినది. 1938లో భారత ప్రభుత్వము మలయాకు అట్టి కూలీలను పంపుటయే నిలిపివేసినది.

మేస్త్రీ కర్నూలు జిల్లా పడమటి సీమకు ఇప్పటికిని బాగుగా తెలిసినవాడే. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని ప్రాంతములనుండి ఏటేటా కుటుంబములకు కుటుంబములు గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకును, పత్తి తీయుటకును పోవుచున్నవి. బండి ఎక్కించునది ఒకరు; పొలము వేరొకరిది. తూకములో తేడా వచ్చిననాడు, చేనిలో మనిషి జబ్బుపడిననాడు, ‘మాకు దిక్కెవరు?’ అను ప్రశ్న అచ్చటనే పుట్టును. అయినను అది తెలుగుదేశము, భాష మనది, రెండుపూటల ప్రయాణములో ఇల్లు చేరవచ్చును.

కడప వైపు ఈ ప్రశ్న మరింత దూరము పోయినది. సాలుకు 700 మిల్లీమీటర్ల అటునిటుగా వాన కురిసెడి ఈ సీమలో వేరుశనగ ఎండి, బోరుబావి అడుగంటి, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీతో అప్పు పెరుగుచున్నప్పుడు, జనము దారి వెదకుకొనుట సహజము. 1973 తరువాత చమురు ధర పెరిగి, పారసీక సింధుశాఖ తీరములోని దేశములకు ధనము విశేషముగా చేరినది. అచ్చట పనివారు కావలసి వచ్చిరి. పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట, కోడూరు, బద్వేలు ప్రాంతములనుండి జనము కువైట్ దారి పట్టిరి. మగవారు కారు తోలుటకు, వంటకు, తాపీపనికి పోయిరి. ఇండ్లలో పనిచేయుటకు పోయిన స్త్రీల సంఖ్యయు తక్కువది కాదు. అప్పులు తీరినవి, మిద్దెలు లేచినవి, ఆడపిల్లల పెండ్లిండ్లు జరిగినవి, బిడ్డలు ఇంజనీరింగు చదివిరి. ఈ మేలును కాదనుట న్యాయము కాదు. ఆ మేలు ఎవరి పేరుమీద, ఏ కాగితము మీద ఆధారపడి ఉన్నదో తెలిసికొనుట మాత్రము అవసరము.

అరబ్బు దేశములలో పరదేశపు పనివాడు తనంతట తాను ఉండుటకు వీలులేని పద్ధతి చాలకాలము నడచినది. దీనిని కఫాలా అందురు. ఆ దేశస్థుడొకడు, లేక అచ్చటి సంస్థయొకటి, పూచీ పడవలెను. పూచీ పడినవాడు కఫీలు. వీసా ఆయన పేరుతో వచ్చును. అచ్చట నివసించుటకిచ్చెడి అకామా ఆయన పేరుతోనే ముడిపడి ఉండును. కాబట్టి కఫీలుతో తగవు వచ్చినచో ఉద్యోగముతోపాటు ఆ దేశములో నిలువనీడ కూడ పోవును. కతారు దేశము 2020లోను, సౌదీ అరేబియా 2021లోను ఈ పట్టును కొంత సడలించి, పనివాడు యజమానిని మార్చుకొనుటకు దారి చూపినవి. అయితే సౌదీ సడలింపు ఇండ్లలో పనిచేయువారికి వర్తింపలేదు. మన స్త్రీలలో అధికులు చేయునది ఆ పనియే.

కఫీలుకును పనికిని గల సంబంధము మూడు తీరులుగా ఉండును.

మొదటిది, పని చేయించుకొను ఇంటివాడే కఫీలు. ఇది మన సాలు జీతము వంటిది. మంచిచెడ్డలు ఆ ఇంటివారి గుణమును బట్టి ఉండునుగాని, జవాబుదారి ఎవరనుటలో సందేహము లేదు.

రెండవది, సప్లై కంపెనీ. ఈ కంపెనీ మనుషులను తన పేరుతో రప్పించుకొని, ఇతర సంస్థలకు గాని ఇండ్లకు గాని బాడుగకు పంపును. వీసా, జీతము, సెలవు కంపెనీవి. ప్రతిదినము పని చెప్పునది వేరొకరు. సౌదీ అరేబియాలో నెలల లెక్కను, గంటల లెక్కను ఇండ్లకు పనివారిని పంపెడి పెద్ద కంపెనీలు కలవు. ఒక సంస్థవారు తమ పనివారిని మరియొక సంస్థకు ఎరవిచ్చుటకు ‘అజీర్’ అను ప్రభుత్వపు పద్దు ఉన్నది. దుబాయి మొదలగు ఎమిరేట్లలోను అనుమతి పొందిన కేంద్రములు తమ పూచీమీద పనివారిని ఇండ్లకు పంపుట కలదు. ఈ పద్ధతిలో దోషమేమియు లేదు. ఒక్కొక్కప్పుడు మేలు కూడ ఉన్నది. ఇంటివారు కొట్టినను తిట్టినను పోయి చెప్పుకొనుటకు వేరొక గడప ఉండును. కాని కంపెనీ ఒప్పందములో పనిలేని దినముల జీతమును గురించి, వసతిని గురించి, ఏయే పనులకు పంపవచ్చునో దానిని గురించి స్పష్టముగా వ్రాసి ఉండవలెను. లేనిచో కంపెనీ ఇంటివారి మీదికి, ఇంటివారు కంపెనీ మీదికి త్రోసివేయుదురు. నడుమ నలుగునది పనిమనిషియే.

మూడవది, మనవారు ‘ఫ్రీ వీసా’ అనియు ‘ఆజాద్ వీసా’ అనియు పిలిచెడిది. ఈ పేరుతో ఏ దేశమును వీసా ఇచ్చుట లేదు. అచ్చటివాడొకడు తనకు పనిమనిషి కావలెనని వీసా తీసికొనును. దానిని ఏజెంటుకు అమ్మును. ఏజెంటు ఇక్కడ లక్షల రూపాయలకు అమ్మును. కొన్నవాడు అక్కడ దిగిన తరువాత తన పని తానే వెదకుకొనవలెను. ఏటేటా అకామా పొడిగించుటకు కఫీలుకు మరల డబ్బు కట్టవలెను. ఇక్కడ కఫీలు పని ఇయ్యడు. పని ఇచ్చువాడు కఫీలు కాడు. మనిషి మాత్రము ఇద్దరి నడుమ ఎవరికిని చెందక ఉండును.

దీనిలోని అపాయము మంచిదినములలో తెలియదు. కోడూరు ప్రాంతపు యువకుడొకడు ఇంటిపని వీసా మీద పోయి, కట్టడపు పనిలో కుదిరినాడనుకొందము. నాలుగు నెలల జీతము నిలిచినది. మేస్త్రీని అడిగినచో, ‘నీవు మా మనిషివని కాగితమేది?’ అనును. కఫీలుకడకు పోయినచో, తన మనిషి పరారియైనాడని పోలీసులకు వ్రాసి ఇచ్చెదనని బెదరించును. న్యాయస్థానమునకు పోవుటకు భయము. పోయినచో తానే చట్టము మీరినవాడగును. అతడు పరంజిమీదినుండి పడినచో ఆసుపత్రి ఖర్చు ఎవరిది? ఇక్కడ అతని తల్లి ఎవరికి అర్జీ పెట్టుకొనవలెను? 2013లో సౌదీ ప్రభుత్వము, కఫీలు వద్ద తప్ప వేరొకచోట పనిచేయువారిని పట్టుకొనుటకు పూనుకొని, పత్రములు సరిచేసికొనుటకు నవంబరు 3వ తేదీ వరకు గడువిచ్చినది. సరిచేసికొనలేని వేలకొలది భారతీయులు, పలు సంవత్సరములు కష్టపడి పనిచేసినవారు, ఇల్లు చేరవలసి వచ్చినది. వారి కష్టములో లోపము లేదు. కాగితము మీది పేరుకును పనిచోటికిని పొందిక లేదు, అంతే.

చట్టమిచ్చెడి రక్షణయు ఆ పేరునే అనుసరించి ఉండును. కువైట్‌లో ఇండ్ల పనివారికి 20వ అధికరణము క్రింద, ప్రైవేటు సంస్థలవారికి 18వ అధికరణము క్రింద అనుమతి ఇత్తురు. మనవారు మొదటిదానిని ఖాదిం వీసా యనియు, రెండవదానిని షూన్ వీసా యనియు అందురు. 2015లో అచ్చట ఇండ్ల పనివారికొరకు 68వ నంబరు చట్టము వచ్చినది. దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదు. వారమునకొక దినము సెలవు, ఏడాదికి జీతముతో 30 దినముల సెలవు ఇయ్యవలెను. పాసుపోర్టు యజమాని తన వద్ద ఉంచుకొనరాదు. పని ముగిసిననాడు ఏడాదికొక నెల జీతము చొప్పున లెక్కగట్టి ఇయ్యవలెను. 2016లో కనీసపు జీతము 60 దీనారులుగా నిర్ణయమైనది. ఈ ఇంటి పనివారిని గురించియే 2021 జూనులో భారతదేశమునకును కువైట్‌కును ఒడంబడిక జరిగినది. ఇవి చిన్న హక్కులు కావు. కాని ఖాదిం వీసామీద పోయి వేరొక గడపలో పనిచేయు స్త్రీ ఈ హక్కులను ఎవరిమీద చూపగలదు?

మన దేశపు చట్టము సంగతి చూతము. 1983 వలస చట్టము ప్రకారము, విదేశపు పనులకు మనుషులను పంపు ఏజెంటు కేంద్రప్రభుత్వము వద్ద పేరు నమోదు చేయించుకొని, బ్యాంకు హామీ పెట్టవలెను. మోసపోయిన పనివారిని వెనుకకు రప్పించుటకు ఆ హామీ సొమ్మును వాడవచ్చును. ఊరిలో తిరుగుచు పాసుపోర్టులు పోగుచేయువానికి అట్టి హామీ ఏదియు లేదు. లైసెన్సు గల ఏజెంటు పనివానివద్ద తీసికొనదగిన రుసుమునకు 2017లో విధించిన హద్దు 30,000 రూపాయలు. దానిపై పన్ను వేరు. పదవ తరగతి దాటనివారు గల్ఫు దేశములు మొదలగు 18 దేశములకు పనికొరకు పోవునప్పుడు ముందుగా ప్రభుత్వపు అనుమతి పొందవలెను. అట్టి స్త్రీలు ఇంటిపనికి పోవుటకు 30 ఏండ్లు నిండవలెను. 2016 నుండి వారిని ప్రభుత్వసంస్థల ద్వారానే పంపవలెనను నియమము వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఓంక్యాప్ అను ప్రభుత్వ సంస్థది. ఈ నియమములను తప్పించుటకే కొందరు ఏజెంట్లు స్త్రీలను విజిటింగు వీసామీద విమానమెక్కింతురు. అట్లు పోయిన స్త్రీకి ఒప్పందపత్రము ఉండదు, భీమా ఉండదు. సక్రమముగా అనుమతి పొందినవారికి ప్రవాసి భారతీయ భీమా క్రింద, రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయల ప్రీమియముతో, ప్రమాద మరణమునకు 10 లక్షల రూపాయల రక్షణ కలదు.

ఈ మూడవవాడు నిరక్షరాస్యులకే ఎదురగునని అనుకొనరాదు. అమెరికా పోవు మన ఇంజనీరింగు పట్టభద్రులలో చాలమందికి వీసా తీసియిచ్చునది కన్సల్టెన్సీ. వారు పనిచేయునది వేరొక సంస్థలో. అచ్చటి హెచ్-1బి నియమముల ప్రకారము యజమాని ఆ కన్సల్టెన్సీయే. ప్రాజెక్టు లేక ‘బెంచి’ మీద కూర్చున్న దినములకును వ్రాసిన జీతము ఇయ్యవలెను. వీసా దరఖాస్తు రుసుమును, న్యాయవాది ఖర్చును ఉద్యోగిచేత కట్టింపరాదు. అట్లే ఇక్కడ కార్యాలయము లేని విదేశపు కంపెనీలు, మన యువకులను వేరొక కంపెనీ పేరుతో నియమించుకొనుట నేడు కలదు. పని చెప్పునది దూరదేశపు కంపెనీ. నియామకపత్రము, ప్రావిడెంటు ఫండు, ఆదాయపు పన్ను కోత ఇక్కడి కంపెనీవి. సక్రమముగా నడచినచో ఇది మంచి ఏర్పాటే. దూరపు కంపెనీ పని చాలించుకొన్ననాడు, నోటీసు కాలపు జీతము ఎవరిత్తురో పత్రములో చూచుకొనుట ఆ యువకుని పని. బాబా మామాల ఇంట పనిచేయు ఖద్దామాకును, కంప్యూటరు ముందు కూర్చున్న పట్టభద్రునకును ప్రశ్న ఒక్కటే: ‘నాకు జవాబుదారి ఎవరు?’

కాబట్టి ప్రయాణమునకు డబ్బు కట్టకముందే నాలుగు సంగతులు అడిగి తెలిసికొనవలెను. వీసాలోని యజమాని పేరును, ఒప్పందములోని పేరును ఒకటేనా? పని చేయవలసినది ఆయన వద్దనా, వేరొకరి వద్దనా. వేరొకరి వద్దనైనచో ఆ మాట ఎక్కడ వ్రాసి ఉన్నది? జీతము ఎవరు, ఏ బ్యాంకు ద్వారా ఇత్తురు? పని నడుమ ఆగిపోయినచో తిరుగు టికెట్టు ఎవరిది? ఏజెంటు లైసెన్సు నిజమో కాదో ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వపు జాబితాలో చూడవచ్చును. చదువుకొన్న పిల్లవాడు ఇంటిలో ఉన్నచో అయిదు నిమిషముల పని. పాసుపోర్టు, వీసా, ఒప్పందము, ఏజెంటుకిచ్చిన సొమ్ముకు రసీదు, వీని నకళ్లు ఇంటివద్ద తల్లిదండ్రుల చేతిలో ఉండవలెను. కష్టము వచ్చిననాడు కలెక్టరు కచ్చేరికి పోయినను, భారత రాయబార కార్యాలయమునకు వ్రాసినను, మొదట అడుగునది ఆ కాగితములనే. రాయబార కార్యాలయముల వద్ద ఆపన్నులకొరకు సంక్షేమనిధి కలదు. కువైట్‌లో దిక్కులేని ఇంటి పనివారికి ఆశ్రయమును కలదు. పేరు, చిరునామా తెలిసినప్పుడే ఆ సహాయము త్వరగా అందును.

అప్పు తీర్చుటకు దూరదేశము పోవు తల్లిని, అన్నను పోవలదనుటకు మనకు హక్కు లేదు. వాన రానినాడు పొలము వారిని నిలుపలేకపోయినది. కాని పొలము అమ్మునప్పుడు దస్తావేజును నలుగురిచేత చదివించి, సరిహద్దులు సరిచూచుకొనుట మన పెద్దల అలవాటు. రెండు మూడేండ్ల బ్రదుకును ఒకరి చేతికి అప్పగించునప్పుడు, ఆ ఒకరి పేరేమో చదివించి చూచుకొనుటకు ఒక పూట వెచ్చించినచో నష్టము లేదు.