పెన్షనుంది, పట్టా ఉంది, మరి ఇంటికి అప్పెందుకు పుట్టదు?

(గోదావరి డెల్టాలో ఒక పేటలో, అంబేద్కర్ బొమ్మ దగ్గర జరిగిన మీటింగులో రిటైరైన పంతులుగారు ఒకాయన చేసిన ప్రసంగం)



నన్ను బాబాసాహెబ్ గురించి మాట్లాడమన్నారు. నేను ఇంటి అప్పు గురించి మాట్లాడతానంటే మన కుర్రాళ్లు నవ్వారు. నవ్వకండి. రూపాయి సమస్య మీద 1923లోనే పుస్తకం రాసిన మనిషాయన. అప్పు ఎవరికి పుడుతుంది, ఎవరికి పుట్టదు అన్న లెక్కలో కూడా కులం ఉంది.

నా సంగతే చెబుతాను. ముప్పై ఏళ్లు దాటి బడిపంతులు పని చేశాను. 1996 నవంబరు తుపానులో మా తాటాకిల్లు ఎగిరిపోయింది. తర్వాత అదే మూడు సెంట్లలో కాలనీ ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడా శ్లాబు పెచ్చులూడి పడుతోంది. వానొస్తే మా ఆవిడ ఇల్లంతా గిన్నెలు పెడుతుంది. రిటైరైనప్పుడొచ్చిన డబ్బు పిల్ల పెళ్లికీ పాత అప్పులకీ సరిపోయింది. పెన్షన్లో నలభై శాతం కమ్యుటేషన్ కింద ముందే తీసేసుకున్నాను. ఆ కోత పదిహేనేళ్లకి గాని ఆగదు. నెలకి ఇరవై ఎనిమిది వేలు చేతికొస్తుంది. ఇంటికి ఐదు లక్షలు కావాలి. బ్యాంకుకి వెళ్లాను.

మేనేజరు కూర్చోమన్నాడు, అబద్ధం ఆడకూడదు. "మీ పెన్షను మా బ్రాంచిలోనే పడుతోంది కదండీ" అన్నాడు. వయసడిగాడు. అరవై మూడన్నాను. "డెబ్బై నిండేలోపు తీరిపోవాలండి, ఏడేళ్లే ఇస్తాం. స్థలం కాగితాలు తెండి" అన్నాడు. డి-ఫారం పట్టా చూపించేసరికి మొహం మారిపోయింది. "ఇది అసైన్డ్ అండి. లింకు డాక్యుమెంట్లు లేవు. మా లాయరుగారు ఒప్పుకోరు" అని కాగితాలు వెనక్కి తోశాడు.

నాతో పనిచేసిన ఇంకో పంతులుగారున్నారు. అదే స్కేలు, అదే పెన్షను. ఆయనది ఊళ్లో ఇల్లు, తాతల నాటి దస్తావేజు. ఆయనకి అప్పొచ్చింది. ఇద్దరం ఒకే బడిలో ఒకే పాఠం చెప్పాం. వాళ్ల తాత స్థలం కొనుక్కున్నాడు. మా తాతకి ఊళ్లో స్థలం ఎవడమ్ముతాడండీ? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. పొలమున్నవాడికి నీళ్లొచ్చాయి, నీళ్లతో డబ్బొచ్చింది, డబ్బుతో దస్తావేజులొచ్చాయి. ఆ పొలాల్లో ఊడ్చి కోసిన మనకి కాలవగట్టూ, పోరంబోకూ మిగిలాయి. ఆ తర్వాత గవర్నమెంటు ఇచ్చిన పట్టా వచ్చింది.

ఆ పట్టా మీద చట్టం ఏమంటుందో వినండి. 1977లో వచ్చిన 9వ నంబరు చట్టం అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు అంటుంది. మన భూమి పెద్దోళ్ల పాలు కాకుండా ఉండాలని పెట్టారు, మంచిదే. అయితే అదే చట్టంలో 6వ సెక్షను కూడా చదవండి. గవర్నమెంటుకి, సహకార సంఘానికి, షెడ్యూల్డు బ్యాంకుకి తనఖా పెట్టిన భూమికి ఈ నిషేధం వర్తించదని ఉంది. అంటే షావుకారుకి కుదువ పెట్టకూడదు గాని బ్యాంకుకి పెట్టొచ్చు. చట్టం కాదనలేదు, బ్యాంకు కాదంటోంది. రేపు వేలం వేస్తే పేటలో ఇల్లు కొనేవాడు రాడని వాళ్ల భయం. దీన్ని ఏమంటారండీ? ఊరి బయట పెట్టిందీ వాళ్లే, ఊరి బయట ఉంది కాబట్టి విలువ లేదనేదీ వాళ్లే.

మరి మనవాళ్లు ఏం చేస్తున్నారు? నూటికి మూడు రూపాయల వడ్డీకి వెళ్తున్నారు. ఐదు లక్షలకి నెలకి పదిహేను వేలు వడ్డీయే. ఏడేళ్లలో 12 లక్షల 60 వేలు కట్టినా అసలు అసలుగానే ఉంటుంది. బ్యాంకు తొమ్మిది శాతానికి ఇస్తే నెలకి 8,045 రూపాయలు, ఏడేళ్లకి మొత్తం 6 లక్షల 76 వేలతో అసలూ వడ్డీ రెండూ తీరిపోతాయి. పేదోడే ఎక్కువ వడ్డీ కడుతున్నాడు, చూడండి.

ఇంకా ఘోరం ఉంది. రిటైరైన స్వీపరమ్మలు పాస్‌బుక్కూ, ఏటీఎం కార్డూ వడ్డీవాడి దగ్గర పెట్టేస్తున్నారు. ఒకటో తారీకున వాడే తీసుకుంటాడు, మిగిలింది చేతిలో పెడతాడు. అమ్మా, గవర్నమెంటు పెన్షనుని ప్రైవేటు అప్పు కింద కోర్టు కూడా జప్తు చేయడానికి లేదు. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షనులో ఉంది, 1871 నాటి పెన్షన్ల చట్టంలోనూ ఉంది. కోర్టుకే లేని అధికారం వడ్డీవాడికి మనం ఇస్తున్నాం. ఆ కార్డులు వెనక్కి తెచ్చుకోవాలి. ఒక్కరూ వెళ్లకండి, పదిమంది కలిసి వెళ్లండి.

నేనేం చేశానంటారా? స్థలం జోలి లేకుండా, పెన్షను మీదే ఇచ్చే లోను తీసుకున్నాను. మా ఆవిడ హామీ సంతకం పెట్టింది. వడ్డీ పదకొండు శాతం, గడువు ఐదేళ్లే. ఐదు లక్షలైతే నెలకి 10,871 పోతుంది. భయపడి మూడు లక్షలే తీసుకున్నాను. నెలకి ఆరున్నర వేలు. శ్లాబు బాగుచేయించాను, మేడ మీద గది ఆగిపోయింది.

ఎందుకు భయపడ్డానో కూడా చెప్పాలి. నేను పోతే మా ఆవిడకి కుటుంబ పెన్షను వస్తుంది, అది తక్కువ. వాయిదా మాత్రం తగ్గదు. కాబట్టి మూడో వంతు దాటి వాయిదా పెట్టుకోకండి. మీరు లేకపోయినా ఇంటావిడ ఆ వాయిదా కట్టగలదా అని ముందు ఆవిణ్ణే అడగండి. అప్పుకి బీమా కడుతుంటే అందులో ఏం రాసుందో చదివించుకోండి. గల్ఫులో పనిచేసే పిల్లల్ని సహ రుణగ్రహీతగా పెడితే వాళ్ల ఉద్యోగం పోతే ఏంటన్నది కూడా ఆలోచించండి.

బ్యాంకు కాదంటే ఊరికే తిరిగి రాకండి. ఎందుకివ్వరో రాసిమ్మనండి. కారణం రాసివ్వాలని రిజర్వు బ్యాంకే చెప్పింది. ముందు బ్యాంకుకే ఫిర్యాదు రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయండి, ఫీజు లేదు. ఆయన అప్పు ఇప్పించడు. కానీ బ్యాంకు మాట కాగితం మీదకొస్తుంది. పదిమంది కాగితాలు పోగైతే కలెక్టరు ముందు పెట్టొచ్చు. అప్పు తీరాక కాగితాలు ముప్పై రోజుల్లో తిరిగివ్వాలి. బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు కట్టాలని 2023లో రూలొచ్చింది.

ఇళ్ల స్థలాలు అమ్ముకోవచ్చని 2019లో చట్టం సవరించారు. ఇరవై ఏళ్ల గడువు పెట్టి, 2021లో పదేళ్లు చేశారు. మంచిదేనా? తొందరపడకండి. అమ్మే హక్కు రాగానే కొనేవాడు గుమ్మంలో నిలబడతాడు. మన స్థలం మనదని చెప్పే గట్టి కాగితం కావాలి, బ్యాంకు గౌరవించే కాగితం కావాలి. అది అమ్మకానికి దారి కాకూడదు.

నాకు పెన్షనైనా ఉంది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లని సీపీఎస్‌లో పెట్టారు, వాళ్లకి ఈ భరోసా లేదు. కూలి చేసి ముసలైన అమ్మకి 2024 జులై నుంచి నాలుగు వేలు చేశారు. దాని మీద ఏ బ్యాంకూ ఇల్లు కట్టించదు. కాబట్టి నా ఒక్కడి శ్లాబుతో ఈ కథ తీరలేదు.

వచ్చే ఆదివారం ప్రతి ఇంటి పట్టా ఇక్కడికి పట్టుకురండి. ఎవరి పేరు మీద ఉంది, సర్వే నంబరెంత, 22-ఎ నిషేధ జాబితాలో ఉందా లేదా, ఒక్కొక్కటీ రాసుకుందాం. తాత పేరు మీదే ఉండిపోయినవి ముందు మార్పించుకుందాం. కళ్లజోడు నేను తెస్తాను, పెన్ను మీరు తెండి.

జై భీమ్.