రాంటనెన్ వచ్చాడు, స్టాంకోవెన్ పోయాడు: ఒక డల్లాస్ స్టార్స్ ఫ్యాన్ లెక్క

ఈ ఎపిసోడ్‌లో క్రికెట్ లేదు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు. ఐస్ హాకీ గురించి మాట్లాడుకుందాం. మన ధ్యాన్‌చంద్ గారి హాకీ కాదు, మంచు మీద స్కేట్స్ వేసుకుని ఆడేది. బంతి ఉండదు, పక్ అని ఒక నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది.

"మాకెందుకు అన్నా ఇది" అంటారేమో. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్... ఈ పేర్లు వినని తెలుగు ఇల్లు ఇప్పుడు ఉందా? ప్రతి వీధి నుంచి ఒకరు అక్కడే ఉన్నారు. ఆ ఫ్రిస్కోలోనే డల్లాస్ స్టార్స్ టీమ్ ప్రాక్టీస్ చేసేది. దోసె తినడానికి వెళ్ళి, పక్కనే ఉంది కదా అని రింక్‌లోకి తొంగిచూసి, అలా ఇరుక్కుపోయినవాణ్ణి నేను.

ఇప్పుడు నా బాధ ఏంటంటే, 2025లో మా టీమ్ చేసిన ఒక ట్రేడ్ మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తేలట్లేదు. మార్చి 7న తిట్టాను. మే 3న గంతులేశాను. మే నెలాఖరుకి మళ్ళీ తిట్టాను. ఇప్పుడు జూలైలో కూర్చుని మీకు చెప్తున్నా.

ముందు సిస్టమ్ అర్థం కావాలి. మన ఐపీఎల్‌లో వేలం ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో కుర్రాళ్ళకి వేలం ఉండదు, డ్రాఫ్ట్ ఉంటుంది. 32 టీమ్‌లు, 7 రౌండ్లు. 18 ఏళ్ళ పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ పేరు పిలిచి తీసుకుంటారు. కింద ఉన్న టీమ్‌లకి ముందు ఛాన్స్, దానికీ మళ్ళీ లాటరీ. పిల్లాడికి ఛాయిస్ లేదు, ఎవరు పిలిస్తే ఆ ఊరు వెళ్ళాలి. ఇంకా విచిత్రం ఏంటంటే, ఆ పిలిచే హక్కునే అమ్ముకోవచ్చు! అంటే 2028లో మా మొదటి రౌండ్ ఛాన్స్ ఇప్పుడే వేరే టీమ్‌కి రాసిచ్చేయొచ్చు. ఆ ఛాన్స్‌తో ఎంపికయ్యే పిల్లాడు ఇప్పుడు హైస్కూల్లో లెక్కల హోంవర్క్ చేసుకుంటూ ఉంటాడు. పంట వెయ్యకముందే చేను కౌలుకిచ్చినట్టు.

డల్లాస్ ఫ్యాన్స్‌కి డ్రాఫ్ట్ అంటే ఎందుకంత ప్రేమ అంటే, 2017 వల్ల. ఆ సంవత్సరం లాటరీలో మా వాళ్ళు 8వ స్థానం నుంచి 3వ స్థానానికి ఎగబాకారు. ఆ 3వ పిక్‌తో మిరో హైస్కనెన్‌ని తీసుకున్నారు. ఫిన్లాండ్ కుర్రాడు, డిఫెన్స్‌మన్, అలవోకగా స్కేట్ చేస్తాడు. 39వ పిక్‌తో జేసన్ రాబర్ట్‌సన్. రెండో రౌండ్ పిల్లాడు. 2022-23లో 109 పాయింట్లు కొట్టాడు, డల్లాస్‌కి టీమ్ వచ్చాక ఒక సీజన్‌లో అన్ని పాయింట్లు ఎవ్వరూ కొట్టలేదు.

ఈ రెండిటికీ మధ్యలో 26వ పిక్ ఉంది చూడండి, ఆ కథ నాకు చాలా ఇష్టం. ఆ ఏడాది మా టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళే పరిస్థితి లేదు. అందుకని ప్యాట్రిక్ ఈవ్స్ అనే ఆటగాణ్ణి అనాహైమ్‌కి ఇచ్చేశారు. బదులుగా రెండో రౌండ్ పిక్, కానీ ఒక షరతు: అనాహైమ్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళి, ఈవ్స్ సరిపడా మ్యాచులు ఆడి ఉంటే అది మొదటి రౌండ్ పిక్ అవుతుంది. వాళ్ళు వెళ్ళారు! పిక్ నంబర్ 29 వచ్చింది. దాన్ని షికాగోతో మార్చుకుని ఇంకో పిక్ కలిపి ఇచ్చి 26కి జరిగారు, జేక్ ఒట్టింజర్ అనే గోలీని పిలిచారు. ఇప్పుడు మా గోల్ కాసేది అతనే. అంటే వేరే టీమ్ గెలుపు మనకి గోల్‌కీపర్‌ని తెచ్చిపెట్టింది. ఇలాంటివి చూశాక ఫ్యాన్‌కి ఏమవుతుంది? పిక్ అంటే లాటరీ టికెట్ కాదు, బంగారం అనిపిస్తుంది. ఎవరైనా పిక్ అమ్మితే ప్రాణం విలవిలలాడుతుంది.

2021లో కూడా అంతే. మా చేతిలో 15వ పిక్ ఉంటే అది డెట్రాయిట్‌కి ఇచ్చి 23, 48, 138 తెచ్చుకున్నారు. ఆ 23తో వయట్ జాన్‌స్టన్. మా సొంత 47తో లోగన్ స్టాంకోవెన్.

ఇక్కడ ఆగాలి కాసేపు. స్టాంకోవెన్ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. హాకీలో అది చాలా తక్కువ. కామ్‌లూప్స్ అనే ఊరి కుర్రాడు, కెనడాలో. ఆరడుగుల పైన ఉన్నవాళ్ళ మధ్యలోకి దూరి పక్ లాక్కొచ్చేవాడు. పడేస్తే లేస్తాడు, మళ్ళీ పడేస్తే మళ్ళీ లేస్తాడు. నేను కొన్న మొదటి జెర్సీ అతనిదే, నంబర్ 11. ధర చెప్పను, మా అమ్మ ఈ వీడియో చూస్తుంది.

సరే, ఇప్పుడు అసలు కథ. మా అక్కావాళ్ళు డెన్వర్‌లో ఉంటారు. బావ కొలరాడో అవలాంచ్ ఫ్యాన్. మేనల్లుడికి తొమ్మిదేళ్ళు, వాడు ఏ టీమ్ ఫ్యాన్ అంటే... వాడు మిక్కో రాంటనెన్ ఫ్యాన్. వాడి దగ్గర 96 నంబర్ జెర్సీ ఉంది, స్నానానికి తప్ప విప్పడు.

రాంటనెన్ ఎవరంటే, 2015 డ్రాఫ్ట్‌లో కొలరాడో 10వ పిక్‌గా తీసుకున్న ఫిన్లాండ్ ఆటగాడు. 2022లో వాళ్ళకి స్టాన్లీ కప్ గెలిపించిన టీమ్‌లో ముఖ్యుడు. వరసగా రెండు సీజన్లు వంద పాయింట్లు దాటాడు. కాంట్రాక్ట్ చివరి సంవత్సరం. డబ్బు దగ్గర మాట కుదరలేదు. 2025 జనవరి 24, శుక్రవారం రాత్రి, కొలరాడో అతన్ని కరోలినాకి ఇచ్చేసింది. బదులుగా మార్టిన్ నెచాస్, జాక్ డ్రూరీ, రెండు పిక్స్.

బావ ఆ రాత్రి ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, పిల్లాడికి రేప్పొద్దున ఎలా చెప్పాలిరా?" నేను నవ్వాను. నిజంగా నవ్వాను, పాపం. "బావా, వార్నర్‌ని సన్‌రైజర్స్ వదిలేసినప్పుడు మేం ఎలా తట్టుకున్నామో అలాగే తట్టుకోండి" అన్నాను. పొద్దున మేనల్లుడే ఫోన్ తీసుకుని అడిగాడు: "మామా, జెర్సీ విప్పెయ్యాలా?"

నా దగ్గర సమాధానం లేదు. పెద్దవాళ్ళం మనం "బిజినెస్" అంటాం, "శాలరీ క్యాప్" అంటాం. తొమ్మిదేళ్ళ వాడికి క్యాప్ అంటే టోపీ.

కరోలినాలో రాంటనెన్ 13 మ్యాచులు ఆడాడు, 2 గోల్స్ మాత్రమే. లాంగ్ కాంట్రాక్ట్ అక్కడ కుదరలేదు. జూలై 1కి ఫ్రీ అయిపోతాడు, ఊరికే పోతాడు. అందుకని మార్చి 7న, ట్రేడ్ గడువు ముగిసే రోజున, కరోలినా అతన్ని అమ్మకానికి పెట్టింది. కొన్నది మేమే! 8 ఏళ్ళు, ఏడాదికి 12 మిలియన్ డాలర్లు. మొత్తం 96 మిలియన్, వాడి జెర్సీ నంబరే. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు అన్న సంగతి మన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఇళ్ళు కొనడానికి కారణమే అది కదా. హాకీ ఆటగాళ్ళకి కూడా ఆ లెక్క తెలుసు.

మరి ఏమిచ్చాం? రెండు మొదటి రౌండ్ పిక్స్, రెండు మూడో రౌండ్ పిక్స్. ఇంకా స్టాంకోవెన్.

ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టి, మధ్యలో ఒకసారి తిప్పి చూశాను. ఆ పేరు చూడగానే కెమెరా ఆఫ్ చేసేశాను. కోటి మందిలో రాంటనెన్ లాంటివాడు ఒకడు దొరుకుతాడు, తెలుసు నాకు. అయినా మన కళ్ళముందు పెరిగిన పిల్లాణ్ణి ఇచ్చి తెచ్చుకుంటే ఆ ఆనందంలో ఒక ముల్లు ఉంటుంది. ఈసారి బావ నవ్వలేదు. "మా వాణ్ణి మీకిచ్చారు, అదీ మా డివిజన్‌లోకే" అన్నాడు. మేనల్లుడు మాత్రం ఒకటే ప్రశ్న: "నంబర్ అదేనా?" అదేరా, 96. "అయితే విప్పను."

తర్వాత ఏమైందో సినిమాలో రాస్తే లాజిక్ లేదు అంటారు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే డల్లాస్ వర్సెస్ కొలరాడో. మొదటి 4 మ్యాచుల్లో రాంటనెన్‌కి ఒక్క గోల్ లేదు. మాకు హైస్కనెన్ లేడు, రాబర్ట్‌సన్ లేడు, ఇద్దరూ గాయాలతో బయట. నేను రోజూ స్టాంకోవెన్ కరోలినాలో ఏం చేస్తున్నాడా అని చూసుకుంటున్నా. అక్కడ వాడు మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే 2 గోల్స్ కొట్టాడు! పుండు మీద కారం.

5, 6 మ్యాచుల్లో రాంటనెన్ కాస్త వేడెక్కాడు. సిరీస్ 3-3. మే 3, గేమ్ సెవెన్, డల్లాస్‌లో. మూడో పీరియడ్ మొదలైన 31 సెకన్లకి మెకినన్ కొట్టాడు, కొలరాడో 2-0. అంతే, అయిపోయింది అనుకుని నా పక్క సీటు వాళ్ళు పార్కింగ్ గురించి మాట్లాడుకుంటున్నారు.

అప్పుడు రాంటనెన్ ఒకటి కొట్టాడు. దాదాపు ఆరు నిమిషాల తర్వాత, గోల్ వెనక నుంచి తిరిగొచ్చి పక్ లోపలికి తోస్తే, అది కొలరాడో డిఫెన్స్‌మన్ స్కేట్‌కి తగిలి లోపలికి వెళ్ళింది. 2-2. ఇంకా నాలుగు నిమిషాలు కూడా లేవు అనగా జాన్‌స్టన్ కొట్టాడు, ఆ పాస్‌లో కూడా రాంటనెన్ చెయ్యి ఉంది. చివర్లో ఖాళీ గోల్‌లోకి రాంటనెన్ మళ్ళీ. 4-2. గేమ్ సెవెన్ మూడో పీరియడ్‌లో హ్యాట్రిక్ కొట్టడం ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో అదే మొదటిసారి. అదీ ఎవరి మీద? వదిలేసిన పాత టీమ్ మీద!

మంచు మీదకి టోపీలు వానలా పడ్డాయి. నా టోపీ కూడా పోయింది, మంచి టోపీ.

బావకి ఫోన్ చెయ్యలేదు. చెయ్యకూడదు అలాంటప్పుడు. రెండు రోజులకి అక్క చెప్పింది: మేనల్లుడు ప్రతి గోల్‌కీ సోఫా మీద ఎగిరాడట. కొలరాడోలో, కొలరాడో ఓడిపోతుంటే. బావ మూడో గోల్‌కి "పడుకో నాన్నా, రేపు స్కూల్" అన్నాడట. మే 3 శనివారం. మర్నాడు స్కూల్ ఎక్కడుంది?

ఇక్కడితో ఆగితే కథ బాగుండేది. విన్నిపెగ్‌ని కూడా ఓడించాం, మొదటి మ్యాచ్‌లో మళ్ళీ రాంటనెన్ హ్యాట్రిక్. తర్వాత ఎడ్మంటన్ చేతిలో 5 మ్యాచుల్లో ఇంటికొచ్చాం. ఆ సిరీస్‌లో రాంటనెన్‌కి ఒక్క గోల్ లేదు. చివరి మ్యాచ్‌లో ఒట్టింజర్ రెండు షాట్లకి రెండు గోల్స్ ఇచ్చాడని ఏడు నిమిషాలకే బయటికి తీసేశారు, తర్వాత కోచ్ డిబోర్ ఉద్యోగం కూడా పోయింది. వరసగా మూడేళ్ళు కాన్ఫరెన్స్ ఫైనల్‌లోనే ఆగిపోయాం.

ఇంక జూన్ డ్రాఫ్ట్. మా మొదటి రౌండ్ పిక్ లేదు, ఫిబ్రవరిలో గ్రాన్‌లండ్, సీసీల కోసం సాన్ హోజేకి ఇచ్చేశాం. మా మొదటి పేరు ఎప్పుడొచ్చిందో తెలుసా? 94వ పిక్, మూడో రౌండ్. కామెరన్ ష్మిట్. పొట్టి, స్పీడ్, బ్రిటిష్ కొలంబియా కుర్రాడు. ఎవరు గుర్తొచ్చారో చెప్పక్కర్లేదు. జూలై 1న ఇంకో వార్త: స్టాంకోవెన్‌కి కరోలినా 8 ఏళ్ళ కాంట్రాక్ట్, ఏడాదికి 6 మిలియన్. అంటే ఇక తిరిగి రాడు.

ఇంకొక్కటి చెప్పాలి. 1995లో డల్లాస్ 11వ పిక్‌గా జరోమ్ ఇగిన్లా అనే కుర్రాణ్ణి తీసుకుంది. ఒక్క మ్యాచ్ ఆడించకుండానే అదే డిసెంబర్‌లో కాల్గరీకి ఇచ్చి జో న్యువెండైక్‌ని తెచ్చుకుంది. ఇగిన్లా 625 గోల్స్ కొట్టి హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. న్యువెండైక్ 1999లో మాకు స్టాన్లీ కప్ తెచ్చి, ఆ ప్లేఆఫ్స్‌లో బెస్ట్ ప్లేయర్ ట్రోఫీ కూడా కొట్టాడు. డల్లాస్‌కి ఉన్న ఒకే ఒక్క కప్ అది. ఇగిన్లాకి కప్ రాలేదు. ఇప్పుడు ఆ ట్రేడ్ గురించి మా ఊళ్ళో ఎవర్నడిగినా "మళ్ళీ చేస్తాం" అంటారు, ఒక్క క్షణం ఆలోచించకుండా. కానీ అది 1999 కప్ చేతిలో పెట్టుకుని చెప్పే మాట. 1996లో, 97లో అడిగి ఉంటే? మేమిప్పుడు ఆ 96లో ఉన్నాం.

నా లెక్క అడిగితే, ట్రేడ్ కరెక్టే అంటాను. హైస్కనెన్, రాబర్ట్‌సన్, ఒట్టింజర్ మంచి వయసులో ఉన్నారు, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? మా జనరల్ మేనేజర్ జిమ్ నిల్‌కి వరసగా మూడేళ్ళు బెస్ట్ మేనేజర్ అవార్డ్ ఊరికే రాలేదు. కానీ 2028 డ్రాఫ్ట్ రోజున మా పిక్‌తో కరోలినా ఎవర్ని పిలుస్తుందో మాత్రం నేను చూడను. టీవీ ఆపేస్తా.

నంబర్ 11 జెర్సీ బీరువాలో ఉంది. మొన్న మేనల్లుడు సెలవులకి వచ్చి అది చూసి "మామా, నువ్వెందుకు విప్పేశావ్?" అన్నాడు.

ఈసారి మ్యాచ్‌కి వేసుకెళ్తా. సరే, ఉంటా మరి. వచ్చే వారం క్రికెట్, ప్రామిస్.