దొర బలం ఎక్కడిది? - దొడ్డి కొమరయ్య స్మారకోపన్యాసం



కొమరయ్య పేరు మీద ఈ జనగామలో మాట్లాడేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన చేతిలో 40 వేల ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అంత భూమిని ఏ దొరా తన చేతులతో దున్నలేడు. చాకలి బట్టలుతికితే, కుమ్మరి కుండలిస్తే, మాదిగ మోటకు తోలు కుడితే, గొల్ల గొర్రెనిస్తే, గౌండ్ల కల్లు పోస్తేనే గడి నడిచింది. ఇదంతా వెట్టి. ఆఖరికి మన మీద లేచిన కర్ర కూడా ఏదో ఊరి బిడ్డ చేతిలోదే.

పదహారో శతాబ్దంలో ఫ్రాన్సులో లా బొయెసీ అనే యువకుడు ఈ మాటే రాశాడు. నియంతకున్న బలమంతా జనం ఇచ్చిందే, ఇవ్వడం మానేస్తే అతను కూలిపోతాడని ఆయన వాదన. గాంధీజీ 1909లో ‘హింద్ స్వరాజ్’లో ఇంగ్లీషువాళ్ల పాలన గురించి దాదాపు ఇదే చెప్పారు.

ఈ వాదం నాకు సగమే సరిపోతుంది. మానేయమనడం తేలిక. మొదట మానేసినవాడి గతేమిటి? కామారెడ్డిగూడెం రైతు బందగీ కోర్టుకెక్కి, న్యాయం తన వైపుందని నిరూపించుకున్నాడు. అయినా ఆయనను దారి కాచి చంపారు. మన తాతలు దొరతనానికి ఒప్పుకున్నారని నేననను. ఎవరి ఇంట్లో వాళ్లు ఒంటరిగా భయపడ్డారు, అంతే. దొర అసలు ఆస్తి ఆ ఒంటరితనమే.

దాన్ని విరిచింది సంఘం. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ, 1944 భువనగిరి సభ తర్వాత రైతు కూలీల ఇళ్లలోకి వచ్చింది. సభ్యత్వపు చిట్టీ చేతికందిన మనిషి పక్కూరివాడికి చుట్టమయ్యాడు. పాలకుర్తి చాకలి ఐలమ్మ పంట మీదికి దొర మనుషులు వచ్చినప్పుడు, భీమిరెడ్డి నర్సింహారెడ్డి వంటి సంఘం నాయకులు, కార్యకర్తలు ఆమె పక్కన నిలబడ్డారు. ధాన్యం గడికి పోలేదు, ఐలమ్మ ఇంటికి చేరింది. ఆ ఒక్క పంట ఎన్ని ఊళ్లకు ధైర్యమిచ్చిందో లెక్కగట్టలేం.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషులు సంఘం నాయకుల ఇళ్ల మీద దాడి చేశారు. జనం కర్రలు, వడిసెలలు పట్టుకుని ఊరేగింపుగా గడి వైపు కదిలారు. గడి నుంచి తుపాకులు పేలాయి. ముందు వరుసలో ఉన్న కురుమ బిడ్డ కొమరయ్య నేలకొరిగాడు. ఆయన అన్న మల్లయ్య గాయపడ్డాడు. కాల్పులు జరిగితే గుంపు చెదురుతుందని దొరల నమ్మకం. ఆ రోజు జనం చెదరలేదు, గడిని చుట్టుముట్టారు. పోలీసులు వస్తే గాని గడి బతకలేదు. దొరకు ఊరి సేవ ఒక్కటే కాదు, నిజాం రాజ్యమూ అండగా ఉందని అప్పుడే తేలింది. వెట్టి మానేసిన ఊళ్లు ఆ తర్వాత ఆయుధం పట్టవలసి రావడానికి కారణం అదే. ఆ సంగతిని పక్కనపెట్టి సహాయ నిరాకరణను మాత్రమే పొగడడం కొమరయ్యకు అన్యాయం.

1948 సెప్టెంబరులో నిజాం లొంగాక చాలామంది దొరలు భారత సైన్యం నీడలో ఊళ్లకు తిరిగొచ్చారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. పోరాటంలో పేదలకు పంచిన భూముల్లో చాలా వరకు చేజారాయి. వెట్టి మాత్రం మునుపటిలా మళ్లీ నిలబడలేదు.

తెలంగాణ ఉద్యమంలో 2010 మే 28న మానుకోటలో రాళ్లు పట్టి నిలబడ్డవాళ్లు, కప్పం కట్టనన్న మేడారం సమ్మక్కను తరతరాలుగా కొలుస్తున్నవాళ్లు ఈ కథకు పరాయివాళ్లు కాదు. భూపాలపల్లి గనుల సంగతి ఇంకా దగ్గరిది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు బొగ్గు తవ్వడం ఆపేశారు. వారాల తరబడి జీతం లేకుండా ఇల్లు గడిపారు. బొగ్గు అందక కరెంటు కోతలు పెరిగాయి. హైదరాబాదులో కూర్చున్న ప్రభుత్వం గని కార్మికుడితో మాట్లాడక తప్పలేదు.