మనది కాని సొమ్ము, మన పేరున నోటీసు

(పామేడులో విద్యార్థులతో జరిపిన ప్రసంగ పాఠం)



పామేడులో ఆదాయపు పన్ను గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు నవ్వుకున్నారు, చూశాను. మిరప కోతకు చర్ల వైపు దిగి, ఎండల్లో తునికాకు కోసుకుని బతికే ఊళ్లలో పన్ను కట్టేంత ఆదాయం ఎవరికుంది? ఎవరికీ లేదు. కానీ నోటీసు రావడానికి ఆదాయం ఉండనక్కర్లేదు, పేరుంటే చాలు.

మనకు దగ్గర్లోనే జరిగింది చెబుతాను. బస్తర్‌ను ఆనుకుని ఉన్న ఒడిశా నబరంగ్‌పూర్ జిల్లా ఉమర్‌కోట్ ప్రాంతంలో, 2020 జనవరిలో ఒక ఆదివాసీ కూలీకి 2 లక్షల 59 వేలు కట్టమని నోటీసు వచ్చింది. 2014-15లో ఆయన పేరున ఉన్న ఖాతాలో కోటీ 47 లక్షల లావాదేవీలు జరిగాయని ఆదాయపు పన్ను శాఖ లెక్క. ఆయన ఏమన్నాడు? ఒక వ్యాపారి ఇంట్లో పనిచేశాను, ఆయన పట్టా, ఆధార్ అడిగితే ఇచ్చాను, అంతకుమించి నాకేమీ తెలియదు అన్నాడు. మరుసటి ఏడు అక్టోబరులో మథురలో రిక్షా తొక్కే మనిషికి 3 కోట్ల 47 లక్షల నోటీసు వచ్చింది. ఆయన పేరున ఎవరో జీఎస్టీ నంబరు తీసి వ్యాపారం చేసుకున్నారు.

దీన్ని 'ఆర్థిక అక్షరాస్యత లోపం' అని తేల్చేసే సెమినార్ పత్రాలు చాలా చదివాను. నాకు ఒప్పుదల కాదు. యజమాని కాగితం అడిగినప్పుడు 'ఎందుకయ్యా' అని తిరిగి అడగగలిగిన స్థితి పనివాడికి లేదు. చదువు వచ్చినా ఆ స్థితి దానంతట అది రాదు. కూలీ డబ్బులు ఆయన చేతిలో ఉన్నాయి, అప్పు ఆయన దగ్గర ఉంది. దొర ఇంటి ముందు వేసిన వేలిముద్ర లాంటిదే ఇప్పుడు బయోమెట్రిక్ మిషన్ మీద పడుతోంది.

ఇక చట్టం ఎలా పనిచేస్తుందో చూద్దాం. జనం ఆడిట్ అనే దాన్ని చట్టం అసెస్‌మెంట్ అంటుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 69ఏ సెక్షన్ ప్రకారం, మీ దగ్గర లెక్క చెప్పలేని డబ్బు కనిపిస్తే అది మీ ఆదాయమే అనుకోవచ్చు. నోట్ల రద్దు తర్వాత 2016 డిసెంబరులో ఇలాంటి ఆదాయం మీద పన్ను 60 శాతం చేశారు, సర్‌చార్జి, సెస్ కలిపితే 78 దాకా పోయింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చినా, వెనకటి సంవత్సరాల లెక్కలు పాత చట్టం కిందే తేలతాయి. అయితే 69ఏలో ఒక మాట ఉంది: ఆ డబ్బుకు మీరు 'యజమాని' అయి ఉండాలి. 2023 మేలో డి.ఎన్. సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట మీదే నిలబడింది. తారు రవాణా చేసిన మనిషి చేతిలో సరుకు ఉన్నంత మాత్రాన దానికి యజమాని అయిపోడని చెప్పింది. లా విద్యార్థులు ఆ తీర్పు చదవాలి. మన వాదనకు పునాది అక్కడుంది.

'మేం ఎస్టీలం, మాకు పన్ను లేదు' అని జవాబు రాయకండి. 10(26) మినహాయింపు ఈశాన్య రాష్ట్రాలకు, ఆరో షెడ్యూలు ప్రాంతాలకు, లడఖ్‌కు. బస్తర్ ఐదో షెడ్యూలులో ఉంది, ఆ మినహాయింపు ఇక్కడికి రాదు. ఎందుకు రాకూడదన్నది వేరే పోరాటం. (బాబాసాహెబ్ 1925లో అచ్చువేసిన పుస్తకం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీదే. పన్నులు మన విషయం కాదని మనవాళ్లు ఎప్పటి నుంచి అనుకుంటున్నారో!)

ఇప్పుడు అసలు చిక్కు. అసెస్‌మెంట్లు చాలావరకు ముఖాముఖి లేకుండా, పోర్టల్ మీద, ఈమెయిల్ మీద నడుస్తున్నాయి. పాన్ తీసినప్పుడు ఎవరి ఫోన్ నంబరు, ఎవరి మెయిల్ ఇచ్చారు? బ్రోకరుది. అంటే మీ పేరు వాడుకున్నవాడికే మీ నోటీసు చేరుతుంది. మీకు తెలిసేసరికి 144 సెక్షన్ కింద ఏకపక్షంగా ఉత్తర్వు అయిపోయి ఉంటుంది. కాబట్టి మొదట పోర్టల్‌లో నంబరు, మెయిల్ మార్చుకోవాలి. ఆ వెంటనే నోటీసు మీది డిన్ నంబరు సరిచూసుకోవాలి, దొంగ నోటీసులు కూడా తిరుగుతున్నాయి. ఉత్తర్వు వచ్చేసి ఉంటే, అది అందిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి. గడువు దాటితే కారణం రాసి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు.

జవాబులో ఏం రాయాలన్నది అన్నిటికన్నా జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. ఖాతా ఉందనే తెలియకపోతే, బ్యాంకును ఖాతా తెరిచిన ఫారం, కేవైసీ కాగితాలు, సంతకం నకళ్లు రాతపూర్వకంగా అడగండి. పోలీసు ఫిర్యాదు నకలు జతచేయండి. కానీ తెలిసే ఖాతా ఇచ్చి ఉంటే? 'డబ్బు నాది కాదు, షావుకారుది' అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే బేనామీ చట్టం తలుపు తెరుచుకుంటుంది. 53వ సెక్షన్ కింద అసలు యజమానికీ బేనామీదారుకూ శిక్ష ఒకటే, ఏడాది నుంచి ఏడేళ్లు. కూలీనీ షావుకారునూ ఒకే గాటన కట్టిన చట్టమిది. 2024 అక్టోబరు 1 నుంచి 55ఏ వచ్చింది: ఉన్నదున్నట్టు పూర్తిగా చెప్పిన బేనామీదారుకు శిక్ష నుంచి రక్షణ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అనే ఉంది, ఇవ్వాలి అని లేదు. అందుకే వకీలును కలవకుండా ఆ వాక్యం రాయొద్దంటాను.

వకీలుకు డబ్బెక్కడిది అంటారు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితితో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. ఆ చట్టంలో 'కోర్టు' అంటే న్యాయాధికారం చెలాయించే ట్రిబ్యునళ్లు, అధికార సంస్థలు కూడా. పన్ను కేసుకు ఇవ్వం అని ఎవరైనా అంటే ఆ నిర్వచనం చూపించి, నిరాకరణను రాసివ్వమనండి.

కామర్స్ చదివే పిల్లలకు ఒక పని అప్పజెబుతున్నాను. తునికాకు కల్లాలు తెరవకముందే ఊరికి ఇద్దరు చొప్పున కూర్చోండి. పాన్ కార్డు ఉన్న ప్రతి ఒక్కరికీ, వాళ్ల ఎదుటే, వాళ్ల ఫోన్‌తోనే పోర్టల్ తెరిచి 26ఏఎస్, ఏఐఎస్ చూడండి. అందులో ఎరగని బ్యాంకు, ఎరగని జీఎస్టీ నంబరు కనిపిస్తే ఆ రోజు తేదీ వేసి రాసిపెట్టుకోండి. ఓటీపీ మాత్రం మీరు కూడా అడిగి తీసుకోవద్దు, వాళ్ల చేతే కొట్టించండి.